ముంపు ఊరి సమాధులు: ఒక నిర్వాసిత కాలనీ తగువులో మధ్యవర్తిత్వం

మధ్యవర్తిగా నేను కూర్చున్న ఈ కేసు శ్రీకాకుళం జిల్లాలో వంశధార పక్కనున్న ఒక నిర్వాసితుల కాలనీది. రాయడానికి రెండు వైపులవాళ్లూ ఒప్పుకున్నారు, ఊరి పేరు మాత్రం బయటపెట్టొద్దన్నారు. అందుకని పేర్లు తీసేశాను, కొందరి వయసు, పని, చుట్టరికం మార్చాను. తగువు నడిచిన తీరును మాత్రం మార్చలేదు. ఊళ్లలో ఇలాంటి వాటి మధ్య కూర్చోవాల్సి వచ్చే పాస్టర్లకు, సంఘ పెద్దలకు, పారా లీగల్ వాలంటీర్లకు ఇది పనికొస్తుందని నా నమ్మకం.

జరిగింది ఇదీ. 2025 వేసవిలో మాలవీధిలో ఒక ముసలమ్మ చనిపోయింది. పాత బాప్టిస్టు సంఘం సభ్యురాలు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశాక పెట్టెతో భూస్థాపనకు బయల్దేరారు. కాలనీకి శ్మశానమని చూపించిన చోటు గెడ్డ (వాగు) అవతల, జీడితోటల పక్కన ఉంది. అక్కడికి పోవాలంటే తూర్పు కాపుల వీధి చివర్న, కొత్తగా కట్టిన అమ్మవారి గుడి ముందు నుంచే దారి. కుర్రాళ్లు కొందరు అక్కడ ట్రాక్టరు అడ్డంగా పెట్టారు. అమ్మవారి సంబరం (జాతర) దగ్గర పడింది, శవం ఇటు రాకూడదన్నారు. సంఘ పెద్దలు బతిమాలితే మాట మారింది. శవాన్ని తీసుకెళ్లినా శిలువ పాతకూడదన్నారు. మాటా మాటా పెరిగి పెద్ద కొడుకు తల పగిలింది. పెట్టె మధ్యాహ్నం ఎండలో రోడ్డు మీదే ఉండిపోయింది. పోలీసులు వచ్చాక, చీకటి పడే వేళకి, పొలం గట్ల మీదుగా మోసుకెళ్లి మట్టి చేశారు. శిలువ పెట్టలేదు. తెల్లారేసరికి రెండు వైపుల నుంచీ కేసులు పడ్డాయి, అందులో ఒకటి ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద.

స్టేషన్లో పెద్దమనుషులు కూర్చుని ‘ఇకమీదట గొడవలు పడం’ అని ఒక కాగితం మీద సంతకాలు పెట్టించారు. రేపు ఇంకొకరు పోతే ఏ దారిన తీసుకెళ్లాలి, ఎక్కడ పెట్టాలి అన్నది ఆ కాగితంలో లేదు. ఈ మాట నేను ఎక్కడ మాట్లాడినా చెప్తాను: తర్వాతి శవం సంగతి తేల్చని రాజీ రాజీ కాదు, వాయిదా.

కాలనీ ఎలా ఏర్పడింది

ఈ కాలనీవాళ్ల ఊళ్లను ముంచిన హిరమండలం రిజర్వాయరు 19 టీఎంసీల జలాశయం. వంశధార రెండో దశ పనులకు 2005లో శంకుస్థాపన జరిగింది, ముంపు గ్రామాలు ఖాళీ అయ్యింది 2017లో. నడుమ ఉన్న పన్నెండేళ్లలో పరిహారం ప్యాకేజీల కోసం, పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకిచ్చే యూత్ ప్యాకేజీల కోసం, ఇళ్ల స్థలాల కోసం జనం ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. మూడు ఊళ్లవాళ్లు ఒక కాలనీలో పడ్డారు. పాత ఊళ్లో ఎవరి వీధి వాళ్లది, ఎవరి రేవు వాళ్లది, ఎవరి శ్మశానం వాళ్లది. అది న్యాయమైన ఏర్పాటు అని అనను, అంటరానితనం గీసిన గీతలవి. కానీ ఆ గీతలు ఎక్కడున్నాయో అందరికీ తెలుసు. కొత్త కాలనీలో ఆ గీతలు మాయమై, మనసులు మాత్రం అలాగే ఉండిపోయాయి.

2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూల్లో పునరావాస కాలనీకి ఏమేం ఉండాలో రాసి ఉంది. అందులో శ్మశానం కూడా ఉంది, అక్కడుండే కులాలు, వాళ్ల ఆచారాలను బట్టి ఏర్పాటు చేయాలని చెప్తుంది. ఇక్కడ శ్మశానం చూపించినవాళ్లు ఆచారం సంగతి అడగలేదు, దారి సంగతి అసలు చూడలేదు. నా లెక్కలో ఈ తగువుకి సగం కారణం అదే. మతం తర్వాత వచ్చి చేరింది.

నిర్వాసితుల ఊళ్లో నేల తగువు ఎక్కడిదాకా పోతుందో ఈ ప్రాంతానికి తెలుసు. 2012 జూన్ 12న లక్ష్మీపేటలో ఐదుగురు దళితులను చంపేశారు. అదీ మడ్డువలస రిజర్వాయరు కింద మిగిలిపోయిన భూముల దగ్గర పుట్టిన తగువే. ఈ కాలనీ మాలవీధిలో మొదటి రోజు నేను విన్న మాట, ‘మరో లక్ష్మీపేట కానీకండమ్మా’.

నేను ఎవరినని చెప్పుకున్నాను

మధ్యవర్తికి వేర్లు ఉండకూడదని శిక్షణల్లో చెప్తుంటారు. ఉన్నవి దాచమని దాని అర్థమైతే నేను ఒప్పుకోను. పల్లెల్లో మన ఇంటిపేరు చెప్పగానే కులం తెలిసిపోతుంది, చేతి సంచిలో బైబిలు కనబడగానే మతం తెలిసిపోతుంది. అందుకే రెండు వీధుల్లోనూ ముందు నా సంగతే చెప్పాను.

మాది టెక్కలి వైపు పల్లె. మాలవాళ్లం. కెనడా తూర్పు తీరం బాప్టిస్టులు 1875లో ఉత్తరాంధ్రకు వచ్చి శ్రీకాకుళం, బొబ్బిలి, టెక్కలి, సోంపేట వంటి చోట్ల బళ్లు, ఆస్పత్రులు, సంఘాలు నిలబెట్టారు. వాళ్ల కాలంలోనే మా ముత్తాత బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన అన్న తీసుకోలేదు. ఆ అన్నగారి సంతానం ఇప్పటికీ ఊరి సంబరంలో డప్పు వాయిస్తారు. ఇంటిపేరు ఒకటే, చావుకీ పెళ్లికీ రాకపోకలున్నాయి. సంబరం రోజు వాళ్లింట్లో భోంచేస్తాం, అమ్మవారికి మొక్కుబడిగా ఇచ్చే ముర్రాటలు మాత్రం ఎత్తం. పర్లాకిమిడి దగ్గర బ్రాహ్మణుల ఇంట 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి రాసిన క్రైస్తవ కీర్తనలు మా మాలవీధిలో దీపాలు పెట్టే వేళకి వినబడేవి. కాబట్టి ఈ నేల మీద నా విశ్వాసం ఏదో ఒక వీధికే చెందిందని గానీ, మా అన్నదమ్ముల ఇంటి పూజ నాకు పరాయిదని గానీ నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఇదంతా కాపుల వీధి రామమందిరం దగ్గర చెప్పి, ‘నన్ను వద్దంటే వెళ్లిపోతాను, మనసులో పెట్టుకుని కూర్చోబెట్టకండి’ అన్నాను. ఒక పెద్దాయన కాసేపు చూసి, ‘మరి మా తరపున ఎవలు?’ అన్నాడు. సరైన ప్రశ్న. 2023 మధ్యవర్తిత్వ చట్టంలో కమ్యూనిటీ మీడియేషన్‌కి ముగ్గురు మధ్యవర్తులు ఉండాలని ఉంది. మేం ఆ చట్టం కింద దరఖాస్తు పెట్టుకోలేదు గానీ ముగ్గురు అన్నది మంచి పద్ధతి. పక్క మండలం నుంచి ఒక రిటైర్డు హైస్కూలు మాస్టారు వచ్చారు, ఆయన తూర్పు కాపు, నిత్యం పూజ చేసుకునే మనిషి. కాలనీ డ్వాక్రా సంఘాల్లో రెండు వీధులూ నమ్మే ఒకావిడ మూడో మనిషి.

విడివిడిగా విన్నది

మాలవీధిలో దుఃఖం కన్నా భయం ఎక్కువ కనబడింది, ఆ భయం కర్రల గురించి మాత్రమే కాదు. చనిపోయినావిడ చిన్న కొడుకు పోటీ పరీక్షలకు చదువుతున్నాడు, చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, క్రైస్తవులకు ఇవ్వలేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలు బీసీ-సీ కిందికి వస్తారు, అక్కడ రిజర్వేషన్ ఒక్క శాతం. పైగా ఆ ఏప్రిల్‌లోనే, క్రైస్తవంలోకి మారి పాస్టరుగా ఉన్న మనిషికి అట్రాసిటీ చట్టం వర్తించదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. అది ఫోన్లలో తిరిగి తిరిగి ఈ ఊరికీ చేరింది. ‘శిలువ పాతండి, ఫొటో తీసి కలెక్టరుకి పంపుతాం, మీ సర్టిఫికెట్లు పోతాయి, కేసూ పోద్ది’ అని కుర్రాళ్లు బెదిరించారు. తల్లి సమాధి మీద శిలువ పెట్టాలని కూతురు పట్టుబడితే, వద్దని చిన్న కొడుకు ఏడ్చాడు. అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ మధ్య గోడ కట్టింది చట్టమే. నాకు ఆ ఇంట్లో వచ్చినంత కోపం ఇంకెక్కడా రాలేదు.

కాపుల వీధిలో విన్నది వేరు. కొన్నాళ్ల కిందట బయటి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు మూడు రాత్రులు మైకు పెట్టి, గుడిలో ఉన్నది దయ్యమని అరిచాడట. ‘ముంపులో ఊరు పోయింది, భూమి పోయింది. అమ్మవారి రాయి ఒక్కటి నెత్తిన పెట్టుకుని తెచ్చుకున్నాం. దాన్ని దయ్యమంటే ఎలగమ్మా?’ అని ఒక ముసలాయన అడిగాడు. ఆ ప్రసంగాలకు మాలవీధి సంఘానికి సంబంధం లేదు, అవి వేరే కూటాలవాళ్లు పెట్టినవి. కానీ అప్పుడు సంఘం నోరు మెదపలేదన్నది నిజం. చందా సంగతి కూడా వచ్చింది. సంబరం చందాలోనే వీధి దీపాలు, ట్యాంకు కడిగించడం కలిపేస్తారు, మాలవీధివాళ్లు చందా ఇవ్వకపోతే ఊరి ఖర్చే ఎగ్గొట్టారని వీళ్ల కడుపుమంట.

క్షమించమని ఎవరు ఎవరికి చెప్పాలి

సంఘ పెద్దల్లో ఇద్దరు ముగ్గురు నన్ను పక్కకి పిలిచి, ‘మనం క్రైస్తవులం, క్షమించేద్దాం, కేసు తీసేయమని పెద్దోడికి మీరే చెప్పండి’ అన్నారు. నేను చెప్పలేదు. అర్పణను బలిపీఠం దగ్గర విడిచి ముందు సహోదరుడితో సమాధానపడమన్న ప్రభువు మాట, తప్పు చేసినవాడు కదలాలని చెప్తుంది. దెబ్బ తిన్నవాణ్ణి తొందరపెట్టమని చెప్పదు. దళిత క్రైస్తవుడి దగ్గర అతని విశ్వాసాన్నే అడ్డం పెట్టి కేసు వదులుకోమనడం ఈ జిల్లాలో ఎన్నో ఊళ్లలో చూశాను. అది సువార్త కాదు. అందుకే మేం ముగ్గురం మొదటే రాసుకున్నాం: తల పగిలిన కేసు మా బల్ల మీదికి రాదు, అది కోర్టుది. దారి, శ్మశానం, మైకు, చందా మావి.

ఇలా విడదీయడం వల్ల కాపుల వీధిలో సగం మందికి ఆసక్తి పోయింది. కేసు పోతుందన్న ఆశతోనే వాళ్లు వచ్చారు మరి. ఉన్నవాళ్లతోనే మొదలుపెట్టాం.

మొదటి ఒప్పందం చాలా చిన్నది. తర్వాత ఎవరు చనిపోయినా, ఏ వీధి అయినా, శవం కాలవ గట్టు మీదుగా వెళ్తుంది, ఎవరూ ఆపరు. ఆ గట్టు దారిని జేసీబీతో సాపు చేయించే ఖర్చు రెండు వీధులూ పంచుకున్నాయి. శిలువ గురించి ఆ రోజు ఎవరినీ మాట్లాడనివ్వలేదు.

ముగ్గుపిండితో గీసిన ఊరు

ఉమ్మడిగా కూర్చున్నది స్కూలు ఆవరణలో, చింతచెట్టు కింద. మంచి చెడ్డా మాట్లాడమంటే మళ్లీ ట్రాక్టరు దగ్గరికే వెళ్తారని, పాత ఊరిని నేల మీద గీసి చూపించమన్నాం. డ్వాక్రా ఆవిడ ముగ్గుపిండి డబ్బా తెచ్చింది. ముసలివాళ్లు ముందుకొచ్చారు. నది గీశారు, రేవులు గీశారు, కళ్లాలు, పెద్ద మర్రి, అమ్మవారి గద్దె, చర్చి, దాని గంట. గంట ఎటు వైపు ఉండేదో అన్న దగ్గర వాదన వచ్చి, కాపు పెద్దాయన చెప్పిందే సరైందని మాలవీధి ముసలాయన ఒప్పుకున్నాడు. నది ఒడ్డున మాలల సమాధుల తోట గీస్తూ ఆయన ఆగిపోయాడు.

‘మా నాన్న గోరీ మీద ఇప్పుడు చేపల పడవలు తిరుగుతన్నాయి నాయుడు బావూ.’

‘మావోళ్లని కాల్సిన రేవు మాత్రం ఉందేటి?’ అన్నాడు కాపు పెద్దాయన.

ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటలో పాడుకునే అలవాటు మా సంఘాలన్నిటికీ ఉంది. కాలనీకి వచ్చాక వీళ్లకి ఆ తోటే లేదు. ఆ ఉదయం ఎటు వెళ్లాలో తెలియక చర్చి మెట్ల మీదే నిలబడి పాడుతున్నామని ఒకావిడ చెప్పింది. కాపుల వీధివాళ్లకి అది కొత్త సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను రాత్రి కూడా బయటికొచ్చింది. రేకులెగిరిపోతే రెండు వీధుల పిల్లాజెల్లా చర్చి స్లాబు కిందే పడుకున్నారు. ‘ఆ రాత్రి ఎక్కడ తొంగున్నారు? ఆ శిలువ కిందే కాదేటి?’ అని డ్వాక్రా ఆవిడ కుర్రాళ్లని నిలదీసింది. మధ్యవర్తి అలా అడగొచ్చా అని మాస్టారు నా వైపు చూశారు. అడగాల్సిందే అనిపించి ఊరుకున్నాను.

అయినా శిలువ దగ్గర పీటముడి వీడలేదు. దాన్ని విప్పింది మేం ముగ్గురం కాదు.

ఈ కాలనీలో కాపుల్లో కూడా కొన్ని కుటుంబాలు యేసును నమ్ముకున్నాయి. వేరే ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటారు, మాలవీధి చర్చికి రారు. పెట్టె రోడ్డు మీద ఉన్న రోజు వాళ్లలో ఎవరూ బయటికి రాలేదు. ఒకే ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచేవాళ్లు ఒకరి శవం ఎండలో ఉంటే తలుపులు వేసుకున్నారంటే, నా విశ్వాసానికి అంతకన్నా పెద్ద గాయం లేదు. వాళ్లతో విడిగా కూర్చోవడం ఈ కేసంతటిలో నాకు కష్టమైన పని. వాళ్లు తప్పించుకునే మాటలే చెప్పారు: మేం కొత్తవాళ్లం, మా వాళ్లు వెలేస్తారు, మాకు పిల్లల పెళ్లిళ్లున్నాయి. ఆ భయమూ అబద్ధం కాదు.

చింతచెట్టు కింద మూడో కూటంలో వాళ్లలోంచి ఒకావిడ లేచింది. అరవై దాటిన మనిషి, తమ వీధి మగాళ్ల వైపే తిరిగి నిలబడింది. ‘ఆ రోజు నాను తలుపేసీసుకున్నాను. కిటికీలోంచి సూసినాను. రేపు నాను పోతే నన్నెక్కడ పెడతారు? నాకూ శిలువే కావాల. అప్పుడు మీ ట్రాక్టరు నాకడ్డం పెడతారేటి?’ అంది. ఆమె మరిది ఆ ట్రాక్టరు ఇంటివాడే.

అంతవరకూ శిలువంటే మాలవీధి, గుడంటే కాపుల వీధి అన్న లెక్క నడిచింది. అది అక్కడే చెదిరిపోయింది. ఎవరూ వెంటనే సమాధానం చెప్పలేదు. కానీ ఆ తర్వాత కూటంలో ‘శిలువ పాతకూడదు’ అన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఏం కుదిరింది

గుడి ముందు దారితో పని లేకుండా, కాలవ గట్టు పక్కన ఉన్న బంజరులో శ్మశానం ఇమ్మని రెండు వీధులూ కలిసి ఒకే అర్జీ రాశాయి. సోమవారం గ్రీవెన్సుకి కలిసి వెళ్లి ఇచ్చాయి. ఒకే నేల, ఒకే గేటు, కాల్చేవాళ్లు గెడ్డ వైపు, పూడ్చేవాళ్లు మెట్ట వైపు. సమాధి మీద ఏం పెట్టాలన్నది ఆ ఇంటివాళ్ల ఇష్టం. కాగితంలో స్థలం, కొలతలు, దారి తప్ప ఎవరి కులమూ, ఎవరి మతమూ రాయలేదు. అది ఎవరి హోదానీ తేల్చే కాగితం కాకూడదని పట్టుబట్టాను, మాస్టారు నాతో నిలబడ్డారు.

బయటి ప్రసంగీకులను పిలిచేటప్పుడు ఇంకొకరి దేవుణ్ణి తిట్టే మాట రాకుండా చూసే పూచీ సంఘ పెద్దలది. గుడిలో ఉన్నదాన్ని దయ్యమన్నప్పుడు ఊరుకున్నందుకు పాస్టరు గారు అందరి ముందూ బాధపడ్డారు. ఆదివారం ఆరాధన వేళ చర్చి ముందు డప్పులు, డీజే నిలిపి వాయించరు. ఊరుమ్మడి ఖర్చుకి వేరే పుస్తకం, సంబరం చందాకి వేరే పుస్తకం. మొదటి దాంట్లో అందరూ ఇస్తారు, రెండో దాంట్లో ఇష్టమున్నవాళ్లు. చూడ్డానికి చిన్నది గానీ ఈ రెండు పుస్తకాల పద్ధతిని ఏ ఊళ్లో వాడినా సగం వేడి తగ్గుతుంది.

ఇదే 2025 జనవరిలో, ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లో ఒక క్రైస్తవుడి మృతదేహం దాదాపు మూడు వారాలు మార్చురీలో ఉండిపోయింది. కొడుకు సుప్రీంకోర్టు దాకా వెళ్తే ఇద్దరు న్యాయమూర్తులూ వేర్వేరు తీర్పులిచ్చారు, చివరికి సొంత ఊళ్లో కాకుండా దూరంగా ఉన్న క్రైస్తవ శ్మశానంలో పూడ్చమన్నారు. కోర్టుకు వెళ్లొద్దని దీనర్థం కాదు. సొంత ఊళ్లో ఆరడుగుల చోటు తీర్పుతో రావడం ఎంత కష్టమో అది చూపించింది. అందుకే ఊళ్లో కూర్చునే పనికి ఇంత కాలం పెట్టాం.

చనిపోయినావిడ జ్ఞాపకార్థ కూడికకి ట్రాక్టరు ఇంటి పెద్దాయన వచ్చాడు. గుమ్మం బయట కుర్చీ వేస్తే కూర్చోకుండా లోపలికి వచ్చి, ఫొటో ముందు నిలబడి, ‘ఎండలో ఉంచీసినాం తల్లీ, తప్పయిపోనాది’ అన్నాడు. కూతురు ఆయనకి టీ ఇచ్చింది. పెద్ద కొడుకు లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు, ఆయన వెళ్లేదాకా తిరిగి రాలేదు. వెనక్కి పిలవమని ఎవరో అంటే వద్దన్నాను. ఆ తర్వాత వారం కూతురు తల్లి సమాధి మీద చిన్న చెక్క శిలువ పెట్టించింది. చిన్న కొడుకు ఆ రోజు ఊళ్లో లేడు.

కేసు ఇంకా కోర్టులో నడుస్తోంది, పెద్ద కొడుకు సాక్ష్యం చెప్తానంటున్నాడు. కాపు పెద్దాయన నేను కనబడినప్పుడల్లా అది ఎప్పుడు తీస్తారని అడుగుతాడు, అది అతని ఇష్టమని నేనూ అదే చెప్తాను. రెండు ప్రార్థన గుంపులు క్రిస్మస్‌కి ఒకసారి కలిసి పాడాయి, ప్రభువు బల్ల మాత్రం ఇంకా విడివిడిగానే. బంజరులో సర్వేయరు రాళ్లు పాతి వెళ్లాక, సంఘ పెద్దలే కొందరు శ్మశానం మధ్యలో గోడ కడదామన్నారు, చందా కూడా పోగేస్తామన్నారు. క్రీస్తు తన శరీరంతో మధ్యగోడను పడగొట్టాడని పౌలు ఎఫెసు సంఘానికి రాసింది వాళ్లకి చదివి, గోడ వద్దని నా మాట చెప్పాను. నిర్ణయం రెండు వీధులదీ. కోతలు అయ్యాక కూర్చుంటామన్నారు.